పరదేశపు ఇంటిలో పనిచేసే స్త్రీ – దేశముల మధ్య ఒడంబడిక



రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నయమాను చరిత్ర మన సండేస్కూలు పిల్లలు సైతం చెప్పగలరు. కుష్ఠరోగియైన సేనాధిపతి, ఎలీషా ప్రవక్త, యొర్దానులో ఏడు మునకలు అందరికీ జ్ఞాపకమే. ఆ చరిత్ర ఎక్కడ మొదలైందో ఆ భాగాన్ని మాత్రం మనము గబగబ చదివి దాటిపోతాము. సిరియా దండువారు ఇశ్రాయేలు దేశము నుండి చెరపట్టుకొని పోయిన ఒక చిన్నది నయమాను భార్యకు పరిచారము చేస్తూ ఉండేది. ఆమె పేరు కూడా వ్రాయబడలేదు. ఆ పనిపిల్ల తన యజమానురాలితో చెప్పిన ఒక్క మాట మీద సిరియా రాజు ఇశ్రాయేలు రాజుకు పత్రిక పంపాడు. వెండి బంగారములు, దుస్తులు కదిలాయి. పత్రిక అందుకొన్న రాజు, ఇది తనతో కలహమునకు నెపమేమోనని బెదరి వస్త్రములు చింపుకొన్నాడు. రెండు దేశముల మధ్య అంత వ్యవహారము నడిచింది. ఆ చిన్నదాని సంగతేమిటని ఇద్దరు రాజులలో ఒక్కరైనా అడిగినట్టు గ్రంథములో కనబడదు.

ఇప్పుడు మన నెల్లూరు తీరానికి వద్దాము. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మొదలుకొని, 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన కోట, వాకాడు వరకు మన సంఘములలో ఆదివారము ప్రార్థన మనవుల చీటీలు విప్పి చూడండి. పరీక్షలు వ్రాసే పిల్లలు, కాన్పుకు వచ్చిన కూతురు, వేటకు పోయిన పడవ. వీటి మధ్య "మా అమ్మ కువైట్‌లో ఉంది, మూడు నెలలుగా ఫోను లేదు" అనే చీటీ కూడా ఉంటుంది. మేము వాటిని చదివి, ప్రార్థించి, కన్నీరు తుడుచుకొని, తరువాతి చీటీ తీస్తాము. ప్రార్థన చేయవలసినదే. అయితే ఆ తల్లి జీతము, ఆమె పాస్‌పోర్టు, ఆమె ఇంటికి తిరిగివచ్చే దారి, వీటన్నిటి మీద ఢిల్లీలోను కువైట్‌లోను కొందరు అధికారులు చేసిన సంతకాలు ఉన్నాయి. విదేశాంగ విధానము అనే పెద్ద మాటకు మన పల్లెలలో అర్థము అదే.

దౌత్యము, రాయబారము అంటే యుద్ధాలు, సరిహద్దులు, సూటు బూటు వేసుకొన్న పెద్దమనుషులు అని మనకు తోస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యము కువైట్‌లో ప్రవేశించినప్పుడు మాత్రము అది మన గుమ్మము దాకా వచ్చింది. మన ప్రభుత్వము సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాను దేశములోని అమ్మాను మీదుగా విమానాలలో ఇంటికి చేర్చింది. అటువంటి గొప్ప ఆపద వస్తే ప్రభుత్వాలు కదులుతాయి. ఒక ఇంటి నాలుగు గోడల మధ్య ఒక్క స్త్రీకి వచ్చే ఆపద సంగతి వేరు. అది ఏ వార్తలోను రాదు.

ఎందుకు రాదో కాస్త నిదానముగా చూడవలసి ఉంది. గల్ఫ్ దేశాలలో కార్మికునికి ఉండే అనుమతి పత్రము – మనవాళ్ళు అకామా అంటారు – యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఆ యజమానినే ఖఫీల్ అంటారు. అతని ఇల్లు విడిచి బయటకు వస్తే 'పారిపోయింది' అని కేసు పెట్టవచ్చు. అప్పటినుండి ఆమె చట్టవిరుద్ధముగా ఉన్న మనిషే. మేస్త్రీ పనికి, కంపెనీ పనికి పోయిన పురుషునికి ఇదే బాధ ఉంది. కాని అతనికి తోటివారు ఉంటారు, క్యాంపు ఉంటుంది, పని గంటలకు ఒక లెక్క ఉంటుంది. ఖద్దామాగా పోయిన స్త్రీకి పనిచోటు, నిద్రచోటు, కావలి మనిషి అంతా ఒకే ఇల్లు. కువైట్ 2010లో తెచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టము ఇంటిపనివారిని తన పరిధిలో చేర్చుకోనేలేదు. అంటే చట్టము దృష్టిలో అది పనే కాదు. ఆ మాటకొస్తే మన ఊళ్ళలో మాత్రము ఇంటిపనిని పని అని ఎవరు లెక్కవేస్తున్నారు? పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించిన తల్లిని "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగితే "ఏమీ లేదయ్యా, ఇంట్లోనే" అంటుంది.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. మన తెలుగు స్త్రీలు 1860 నాటికే సముద్రము దాటి పోయారు. ఆ సంవత్సరము నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటలలో పనికి మన ఒప్పంద కూలీలను ఆ దేశానికి తీసుకొనిపోయిన మొదటి ఓడ అది. ఆ తరువాత వెళ్ళిన కూలీలలో మన బాప్టిస్టు సంఘాల విశ్వాసులు కూడా ఉన్నారు. వారి ఆత్మల సంరక్షణ కొరకే తెలుగు బాప్టిస్టు హోం మిషనెరీ సంఘము 1903లో జాన్ రంగయ్యగారిని నెల్లూరు ప్రాంతము నుండి నేటాలుకు పంపింది. తెల్లదొరలు మనకు మిషనెరీలను పంపిన కాలములో మన తెలుగువారే మరొక ఖండానికి మిషనెరీని పంపారు. ఈ సంగతి మన యౌవనస్థులలో ఎందరికి తెలుసు? ఆయన అక్కడ కెర్స్నీ అనే చోట సంఘము స్థాపించి, ఆ దేశములోనే 1915లో ప్రభువునందు నిద్రించారు.

ఆ ఒప్పంద కూలీ విధానములో స్త్రీలను గూర్చి ఒక నిబంధన ఉండేది. ఓడలో 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలి. ఆ లెక్క స్త్రీల మేలుకోరి పెట్టినది కాదు. తోటలలో పురుషులు కుదురుగా ఉండాలంటే ఇంతమంది ఆడవాళ్ళు కావాలని పెట్టిన లెక్క. లెక్క తక్కువైతే ఓడ కదలదు గనుక ఏజెంట్లు విధవలను, ఇల్లు విడిచినవారిని, యాత్రాస్థలాలలో దారి తప్పినవారిని పట్టి ఓడ ఎక్కించేవారు. ప్రభుత్వాలు స్త్రీని గురించి వ్రాసుకొన్న తొలి వలస నియమాలలో ఆమె ఒక మనిషిగా గాక నూటికి నలభై అనే అంకెగా ఉంది.

దానిని కదిలించినది ఎవరు? 1913లో ఫిజీ దీవులలో కుంతి అనే కూలీ స్త్రీ, ఒక ఓవర్సీరు చేతినుండి తప్పించుకొనుటకు నదిలో దూకి ప్రాణము దక్కించుకొన్నది. ఆమె మొర కలకత్తా పత్రికలో అచ్చయినప్పుడు దేశము ఉలిక్కిపడింది. చార్లెస్ ఆండ్రూస్‌గారు ఫిజీ వెళ్ళి అక్కడి స్త్రీల దుస్థితిని కళ్ళారా చూసి వచ్చి నివేదిక వ్రాశారు. 1917 జనవరిలో అలహాబాదు సభలో సరోజినీ నాయుడుగారు – హైదరాబాదు బిడ్డ, మన తెలుగింటి కోడలు – ఈ విధానము భారత స్త్రీ జాతికే అవమానమని గొంతెత్తారు. అదే సంవత్సరము స్త్రీల ప్రతినిధి బృందమొకటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డును కలుసుకొని, విదేశాలకు కూలీలను పంపడము మానమని అడిగింది. ఓటు హక్కు కూడా లేని స్త్రీలు! 1917లోనే కొత్త కూలీలను పంపడము నిలిచిపోయింది, 1920 నాటికి ఆ విధానమే ముగిసింది. యుద్ధ కాలపు అవసరాలు, గాంధీ, మాలవీయ మొదలైనవారి ఒత్తిడి కూడా దానికి కారణాలే. అయినను, పరదేశములో ఒక కూలీ స్త్రీకి జరిగిన అన్యాయాన్ని ఇక్కడి స్త్రీలు రెండు ప్రభుత్వాల మధ్య ప్రశ్నగా మార్చిన సందర్భము మన చరిత్రలో అదే మొదటిదని మా అభిప్రాయము.

ఇక నిర్ణయాలు చేసే బల్ల దగ్గరకు వద్దాము. ఆ బల్ల దగ్గర స్త్రీకి కుర్చీ ఎప్పుడు దొరికింది?

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే విజయలక్ష్మీ పండిట్ సోవియట్ దేశానికి మన రాయబారిగా వెళ్ళారు. 1953లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభకు అధ్యక్షురాలయ్యారు. అంతకుముందు 1948లో మానవ హక్కుల ప్రకటనను తయారుచేస్తున్నప్పుడు, మొదటి వాక్యములో 'పురుషులందరు' అని అర్థము వచ్చే పదము ఉంటే, దానిని 'మానవులందరు' అని మార్పించినది మన దేశ ప్రతినిధి హంసా మెహతాగారు. పదము మారితే ఏమిటి అనవచ్చును. పదము ఆధారముగానే కోర్టులు తీర్పు చెబుతాయి, పదము లేని చోట పేదవాడు ఓడిపోతాడు.

ఇవి పై స్థాయి నియామకాలు. పరీక్ష వ్రాసి ఉద్యోగానికి వచ్చిన స్త్రీ సంగతి వేరుగా ఉండెను. కొడగు ప్రాంతములో పుట్టి, మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో చదువుకొన్న సి.బి. ముత్తమ్మగారు 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి స్త్రీ. చేరేటప్పుడే ఆమె చేత ఒక కాగితము మీద సంతకము చేయించుకొన్నారు: పెళ్ళి చేసుకొంటే రాజీనామా ఇస్తానని. తరువాత 1961 నాటి నియమాలలో ఇది అచ్చులోకి కూడా వచ్చింది. స్త్రీ అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సంసార బాధ్యతల వలన పనికి అడ్డు వస్తుందని తోస్తే ఆమెను ఎప్పుడైనా రాజీనామా చేయమనవచ్చు. పెళ్ళయిన స్త్రీకి ఈ ఉద్యోగము హక్కు కాదు. పురుష అధికారికి మాత్రము సంసారము అడ్డు అని ఎవరూ అనుకోలేదు. అతని సంసారాన్ని అతని భార్య చూసుకొంటుంది గదా!

ముత్తమ్మగారు 30 ఏళ్ళు సేవచేసి, హంగరీకి, ఘనాకు రాయబారిగా పనిచేశాక కూడా పై పదవికి తగరని ప్రక్కన పెట్టారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వము ఆమెకు పదోన్నతి ఇచ్చివేసింది. అందుచేత కేసును కొట్టివేస్తూనే, 1979 సెప్టెంబరు 17న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమాలను గట్టిగా తప్పుబట్టి, స్త్రీ పురుష భేదము చూపే నియమాలన్నిటిని తిరగదోడి సవరించవలెనని చెప్పారు. ఈ చరిత్ర చదివినప్పుడు సంఖ్యాకాండము 27వ అధ్యాయములోని సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మాకు జ్ఞాపకము వచ్చారు. మోషే ఎదుట, సర్వసమాజము ఎదుట నిలిచి స్వాస్థ్యము అడిగిన కన్యలు వారు. వారడిగినది న్యాయమేనని యెహోవా సెలవిచ్చాడు. ఆ అయిదుగురి పేర్లు గ్రంథములో వ్రాయబడ్డాయి కూడ.

ఆ తరువాత ద్వారాలు కొంత తెరుచుకొన్నాయి. 2001లో చొకిలా అయ్యర్ మొదటి మహిళా విదేశాంగ కార్యదర్శి అయ్యారు. 2009లో నిరుపమా రావు, 2013లో సుజాతా సింగ్ ఆ పదవికి వచ్చారు. 2014 నుండి 2019 వరకు సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు గల్ఫ్‌లో చిక్కుకొన్నవారి గోడు నేరుగా ఆమెకు చేరేదని మన పల్లెలలో కూడా చెప్పుకొనేవారు.

అయితే బల్ల దగ్గర స్త్రీ కూర్చుంటే చాలునా? 2013 డిసెంబరులో న్యూయార్కులో మన దేశపు స్త్రీ దౌత్యాధికారిని ఒకరిని అక్కడి అధికారులు అరెస్టు చేశారు. ఇంటి పనిమనిషికి ఇచ్చే జీతము విషయములో వీసా కాగితాలలో తప్పు చూపారన్నది ఆరోపణ. ఒక అధికారిణిని అంత అవమానకరముగా చూడడము అన్యాయమని మన దేశమంతా లేచింది. ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయము ఎదుట ఉన్న అడ్డుగోడలు కూడా తీసివేశారు. మంచిదే, దేశ గౌరవము కాపాడుకోవలసినదే. కాని ఆ వ్యవహారములో ఇంకొక భారతీయ స్త్రీ ఉంది – ఆ పనిమనిషి. జీతము గురించి ఫిర్యాదు చేసినది ఆమె. ఆమె కొరకు మన వీధులలో ఎవరూ జెండా పట్టలేదు. అప్పటి మన విదేశాంగ కార్యదర్శి కూడా స్త్రీయే. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట మా పని కాదు. కాని స్త్రీ పక్షమున ఆలోచించడమంటే రాయబారి కుర్చీ నుండి చూడడము మాత్రమే కాదని, ఆ ఇంటి వంటగదిలో నిలువబడి కూడా చూడవలెనని ఈ సంగతి మనకు చూపిస్తుంది. హాగరు విషయములో దేవుడు అలాగే చూశాడు. పరదేశపు ఇంటి దాసి అరణ్యములోకి పారిపోయినప్పుడు ఆమెను పేరుపెట్టి పిలిచి, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగినవాడు దేవుని దూత. యజమానులు ఆమె పేరు పలికినట్టు ఆ అధ్యాయములో కనబడదు.

మన ప్రభుత్వము స్త్రీల రక్షణకు ఏమీ చేయలేదనుట సత్యము కాదు. 1983 నాటి వలస చట్టము క్రింద, పదవ తరగతి చదవనివారు గల్ఫ్ మొదలైన దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలి. ఇంటిపనికి పోయే స్త్రీకి 30 సంవత్సరములు నిండాలన్నారు. యజమాని 2,500 డాలర్లు బ్యాంకు పూచీ కట్టాలన్నారు. దీనిమీద 2014–15 ప్రాంతాలలో కువైట్‌తో పెద్ద పేచీ వచ్చింది. 2016 ఆగస్టు నుండి, అనుమతి ముద్ర అవసరమైన స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపరాదు, ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. మన రాష్ట్రములో ఆ పని ఆంధ్రప్రదేశ్ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ – ఓంక్యాప్ – చేతిలో పెట్టారు.

ఉద్దేశము మంచిదే. జరిగినదేమిటి? ఇంట్లో అప్పు పెరిగింది, రొయ్యల గుంట వైరసుతో పోయింది, భర్త తాగుడు మానలేదు, కూతురికి ఇరవై రెండేళ్ళు. ఆ కుటుంబము 30 ఏళ్ళ నియమము చూసి ఆగుతుందా? ఏజెంటు పాస్‌పోర్టులో వయస్సు పెంచుతాడు. లేదా విజిట్ వీసా మీద చెన్నై విమానాశ్రయములో ఎక్కిస్తాడు. లేదా మరొక దేశము మీదుగా తిప్పి పంపిస్తాడు. తనిఖీ కౌంటరు దాటించే ఈ పనికి వారి భాషలో 'పుషింగ్' అని పేరు. ఇలా పోయిన స్త్రీ మన ప్రభుత్వపు లెక్కలలో ఇంటి పనిమనిషిగా ఉండదు. లెక్కలో లేని మనిషి కొరకు ఏ రాయబారి ఎవరిని అడుగుతాడు? రక్షణ కొరకు వేసిన తాళము ముందు తలుపుకే ఉంది, దొడ్డి తలుపు ఏజెంటు చేతిలో ఉంది. ఈ నియమాలు వ్రాసేటప్పుడు ఒకసారి కువైట్ వెళ్ళివచ్చిన పదిమంది స్త్రీలను కూర్చోబెట్టి అడిగి ఉంటే వారు ఈ సంగతి ముందే చెప్పి ఉండేవారు.

కొందరు సంఘ పెద్దలు మాతో అంటూ ఉంటారు: "అయ్యగారూ, అసలు ఆడవాళ్ళను పంపడమే తప్పు, ఆపేస్తే గొడవ పోతుంది." వారి బాధ మాకు అర్థమవుతుంది. తల్లి లేని ఇళ్ళలో పిల్లలు ఎలా పెరుగుతున్నారో మేమూ చూస్తున్నాము. కాని అదే పెద్దల సంఘాలలో దేవాలయపు స్లాబు, మైకు సెట్టు, క్రిస్మస్ పందిరి ఎవరి కానుకలతో వచ్చాయో కూడ చెప్పుకోవాలి గదా. కానుక తీసుకొని కష్టము అడగకపోవడము ఏ ధర్మము? పురుషుడు పోతే ఇంటిని నిలబెట్టాడంటాము, స్త్రీ పోతే ఇల్లు విడిచిందంటాము. రూతు మోయాబు విడిచి బేత్లెహేముకు వచ్చి పరుల పొలములో పరిగె ఏరుకొన్నప్పుడు ఆమెను ఎవరూ తాకకూడదని బోయజు పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. పొలమునకు రావద్దని ఆమెను ఇంట కూర్చుండబెట్టలేదు.

ఇతర దేశాలు ఏమి చేశాయో చూడండి. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవము ఖాళీ ఫ్లాటులోని ఫ్రీజరులో దొరికింది. ఆ దేశము తన పనివారిని పంపడము ఆపి, కువైట్‌తో గట్టిగా మాట్లాడి, మే నెలలో ఒప్పందము చేయించుకొన్నది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు, ఫోను లాక్కోరాదు అని అందులో వ్రాయించారు. మన దేశముతో పోల్చితే చిన్న దేశమే. కాని విదేశాలకు పోయిన పనిమనిషి ప్రాణమును దేశ గౌరవముతో సమానముగా చూసింది. ఇంటిపనివారికి కూడ తక్కిన కార్మికుల వలె హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో 189వ ఒడంబడికను ఆమోదించింది. ఫిలిప్పీన్స్ మరుసటి సంవత్సరమే దానికి ధ్రువీకరణ ఇచ్చింది. మన దేశము ఓటు వేసింది గాని, ధ్రువీకరణ ఇవ్వలేదు. ధ్రువీకరణ ఇస్తే ముందు మన పట్టణాలలోని ఇళ్ళలో పనిచేసేవారికి ఆ హక్కులు ఇవ్వవలసి వస్తుంది. అక్కడి యజమానిని అడిగేముందు ఇక్కడి యజమానులము మనమే జవాబు చెప్పాలి.

కువైట్ కూడ మారకపోలేదు. 2015లో ఇంటిపనివారి కొరకు ప్రత్యేకముగా 68వ నంబరు చట్టము తెచ్చింది. రోజుకు 12 గంటలు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు సెలవు, సంవత్సరానికి 30 రోజులు జీతముతో సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు చేసిన ఒక్కొక్క సంవత్సరానికి ఒక నెల జీతము. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోరాదు. మరుసటి సంవత్సరము కనీస జీతము 60 దినార్లుగా పెట్టారు. గల్ఫ్ దేశాలలో ఇది ఒక మంచి అడుగు. మన దేశము కువైట్‌తో 2021 జూన్ 10న ఇంటిపనివారిని గూర్చి ప్రత్యేక ఒప్పందము చేసికొన్నది. పని ఒప్పంద పత్రము ఉండాలని, సహాయము కోరేవారికి రాత్రింబగళ్ళు ఏర్పాటు ఉండాలని అందులో ఉంది.

కాగితము మీద ఉన్నది ఇంటి లోపలికి ఎంతవరకు పోతుంది? వారపు సెలవు సంగతే తీసుకోండి. కువైట్ నగరములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణములో శుక్రవారము అనేక భాషలలో ఆరాధనలు జరుగుతాయి, మన తెలుగువారు కూడ కూడుకొంటారు. అక్కడికి రాగలిగిన సహోదరికి నలుగురు తోడు దొరుకుతారు, జ్వరము వస్తే మందు దొరుకుతుంది, రాయబార కార్యాలయానికి దారి తెలుస్తుంది. సెలవు ఇవ్వని ఇంటిలో ఉన్న సహోదరికి ఆరాధన లేదు, తోడూ లేదు. ఫ్యాక్టరీకి వెళ్ళినట్టు కార్మిక అధికారి ఒకరి ఇంటిలోకి వెళ్ళి తనిఖీ చేయలేడు. అందుచేత ఫిర్యాదు ఆమే చేయాలి, చేయాలంటే బయటకు రావాలి, వస్తే పారిపోయిన కేసు. ఈ ముడి విప్పనంత వరకు చట్టము సగమే. మన దౌత్యాధికారులు కువైట్‌వారితో కూర్చున్నప్పుడు చమురు, పెట్టుబడి, విమానాల తరువాత చివరి అంశముగా గాక, ఈ ముడిని ముందు పెట్టి మాట్లాడవలెనని మేము కోరుతున్నాము. 2024 డిసెంబరులో మన ప్రధాని కువైట్ వెళ్ళినప్పుడు, 1981లో ఇందిరాగాంధీ తరువాత 43 సంవత్సరాలకు జరిగిన పర్యటన అది అని పత్రికలు వ్రాశాయి. ఆ 43 సంవత్సరాలలో మన తీరపు తల్లులు ఎందరు ఆ దారిన పోయి వచ్చారో!

ఢిల్లీ మన మాట వింటుందా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు నెల్లూరు జిల్లా ఒకసారి జవాబు చెప్పింది. 1991లో అక్షరదీపము పేరుతో రాత్రి బళ్ళు మొదలైనప్పుడు, పాఠాలలో సీతమ్మ అనే స్త్రీ కథ చదివి, కలిగిరి మండలము దూబగుంటలో రోశమ్మగారు, ఆమెతోటి స్త్రీలు 1992లో సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా ప్రాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు, అది వేరే దుఃఖము. కాని అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు ఒక ప్రభుత్వపు ఆదాయ విధానాన్నే మార్చారు గదా. విదేశాంగ విధానము దూబగుంట నుండి మరికొంత దూరము, అంతే. గల్ఫ్ వెళ్ళి వచ్చిన సహోదరీలు ప్రతి మండలములోను ఉన్నారు. మన స్త్రీల సమాజాలు నెలకు ఒక కూడికలో వారి చేత మాట్లాడించి, వారు చెప్పినది వ్రాసి, మన పార్లమెంటు సభ్యునికి, ఢిల్లీలోని విదేశాంగ శాఖకు పంపించవచ్చు. సాక్ష్యము చెప్పమంటే వారు "దేవుడు క్షేమముగా తెచ్చాడు" అని ఒక్క మాట చెప్పి కూర్చుంటారు. కాస్త ఓపికతో అడగండి. జీతము ఎన్ని నెలలకు ఇచ్చారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, ఎవరు సహాయము చేశారు అని అడగండి.

అంతవరకు, ఈ సంవత్సరము ప్రయాణమునకు సిద్ధపడుతున్న ఇళ్ళకు కొన్ని సంగతులు చెప్పవలసి ఉంది. వీసా విజిట్‌దా, పనిదా అని చదువుకొన్నవారికి చూపించండి. కువైట్‌లో ఇంటిపని వీసా 20వ నంబరు, కంపెనీ పని వీసా 18వ నంబరు. విజిట్ వీసా మీద పనికి పోతే ఒప్పందము వర్తించదు. "ఖర్చంతా సేటే పెట్టుకొంటాడు, మీరు పైసా ఇవ్వనక్కరలేదు" అని ఏజెంటు అంటే సంతోషపడకండి. ఆ సేటు పెట్టిన డబ్బుకు ఆమెను కొనుక్కొన్నట్టే తలచి, మధ్యలో వస్తానంటే అది తిరిగి కట్టమంటాడు. పాస్‌పోర్టులో వయస్సు మార్చడానికి ఒప్పుకోకండి. రేపు ప్రమాదము జరిగితే బీమా ఆ కాగితము దగ్గరే ఆగిపోతుంది. అనుమతి ముద్రతో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంది, కొన్ని వందల రూపాయలతో 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది. ఒప్పంద పత్రము, పాస్‌పోర్టు, వీసా, యజమాని చిరునామా, ఇవన్నీ జిరాక్సు తీయించి ఒక సెట్టు భర్త దగ్గర, ఇంకొక సెట్టు ఆమె పుట్టింట ఉంచండి. ఫోనులో ఫోటో ఉంది గదా అనవద్దు. అక్కడ మొట్టమొదట లాక్కొనేది ఆ ఫోనునే.